ఇసుకతో చేసిన ముఖాలు

సెల్‌ఫోన్ టార్చి వెలిగించి దాని మీద చూపుడువేలు ఆనించి చూడండి. వేలి కొస ఎర్రగా వెలుగుతుంది. సాయంత్రపుటెండకు వీపు పెట్టి నిలబడ్డ పసివాడి చెవులు చూడండి, అవీ అంతే. చర్మం మీద పడిన వెలుతురంతా పైపైనే తిరుగుముఖం పట్టదు. కొంత లోపలికి దిగి, రక్తాన్ని తడిమి, కొవ్వులో చెదిరి, కాస్త ఎరుపు అద్దుకుని బయటికొస్తుంది. ఎదుటి ముఖంలో జీవకళ ఉందో లేదో మన కన్ను పట్టేసేది ఆ లోపలి వెలుతురును బట్టే. మ్యూజియంలో బొమ్మను దూరం నుంచి చూసి మనిషే అనుకున్నా, రెండడుగులు దగ్గరికి వేయగానే గుట్టు తెలిసిపోయేదీ అందుకే.

సినిమా మేకప్ కళాకారులను దశాబ్దాల పాటు ముప్పుతిప్పలు పెట్టింది ఈ వెలుతురే. ముక్కు మార్చొచ్చు, గదవ పెంచొచ్చు, బుగ్గలకు ముడతలు దించొచ్చు. కానీ అతికించిన ముక్క మీద పడ్డ కాంతి అక్కడే ఆగిపోయేది. పక్కనున్న అసలు చర్మం వెలుగుతుంటే ముక్క మాత్రం సున్నం కొట్టినట్టు ఉండేది. ఎంత రంగు వేసినా ఆ తేడా పోయేది కాదు.

ఆ చిక్కుముడి విప్పింది సిలికాన్. వంటింట్లో కేకు అచ్చులుగా, బాత్‌రూమ్ పలకల సందుల్లో పూతగా, ఫోను కవర్లుగా మనకు రోజూ తగిలే రబ్బరుకు ఇది దగ్గరి చుట్టమే. ఇదే ఇవాళ వెండితెర మీద విన్‌స్టన్ చర్చిల్‌ను లేపి నిలబెడుతోంది, అరవై దాటిన నటుడిని పన్నెండేళ్ల పిల్లాడిని చేస్తోంది. సినిమా గేటు దాటి ఆసుపత్రుల్లోకి, ఇళ్లలోకి, చివరికి పోలీసు కేసుల్లోకీ వెళ్లింది.

పెన్సిల్ గీతల కాలం

మన పద్యనాటకాల రోజుల్లో ముఖానికి అర్దళం పూసేవారు. పసుపు పచ్చగా మెరిసే ఆ ఖనిజం పొడి పెట్రోమాక్స్ వెలుతురులో రాజుల ముఖాలకు బంగారు ఛాయ తెచ్చేది. రసాయన పరిభాషలో చెబితే అది ఆర్సెనిక్ సల్ఫైడ్. అంటే మన కృష్ణులు, దుర్యోధనులు తెల్లవార్లూ పాషాణం పూసుకుని పద్యాలు పాడారన్నమాట! హాలీవుడ్ కథా ఏమంత మెరుగు కాదు. 1938లో ‘ద విజార్డ్ ఆఫ్ ఆజ్’ చిత్రంలో రేకు మనిషి వేషానికని ముఖాన అల్యూమినియం పొడి చల్లించుకున్న బడ్డీ ఎబ్సెన్ ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. పాత్ర మరొకరికి పోయింది.

సినిమాల్లోకి వచ్చాక కూడా చాలాకాలం మన దగ్గర ముసలితనమంటే చెవుల పక్కన తెల్లరంగు, నుదుటి మీద పెన్సిల్ గీతలు, స్పిరిట్ గమ్‌తో అతికించిన మీసం, చేతిలో కర్ర. తండ్రి వేషం వేసినాయన కొడుకు వేషం వేసినాయన కంటే చిన్నవాడని హాల్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలేదు. నాటకం చూసి పెరిగిన కళ్లు కదా, గొంతులో వణుకు వినబడితే చాలు, తలనెరుపు సంగతి మనమే సర్దుకునేవాళ్లం. దానికి నేను వంక పెట్టను. ఎస్వీ రంగారావు కళ్లెర్రజేస్తే ఆయన గడ్డం అంచు ఎక్కడుందో ఎవరు చూశారు?

పాశ్చాత్యులు ఆ సర్దుబాటుకు ఒప్పుకోలేదు. ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ నాటికే రబ్బరు పాలను గిలక్కొట్టి నురుగు చేసి, అచ్చులో పోసి, ఓవెన్‌లో కాల్చి తీసే ఫోమ్ లేటెక్స్ ముక్కలు వచ్చాయి. 1968లో జాన్ చాంబర్స్ వాటితోనే ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ కోతులను సృష్టించి ప్రత్యేక ఆస్కార్ అందుకున్నాడు. ఆ పదార్థంతో మనిషి ముఖాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లిన గురువు మాత్రం డిక్ స్మిత్. ముఖమంతా కప్పే ఒకే తొడుగు వేసే బదులు, నుదురు, బుగ్గలు, పెదవి, గదవ, మెడలకు విడివిడి ముక్కలు చేసి ఒకదాని అంచు మీద మరొకటి అతికించే పద్ధతికి ప్రాణం పోశాడు. అలా చేస్తే నటుడు నవ్వినప్పుడు ఏ ముక్కకా ముక్క కదులుతుంది. 1973లో వచ్చిన ‘ది ఎగ్జార్సిస్ట్’లో ముసలి ఫాదరుగా కనిపించిన మాక్స్ వాన్ సిడోకు నిజానికి అప్పుడు నలభైల్లో వయసు. ఆయన అసలు వయసే అంత అనుకున్నవాళ్లు కోకొల్లలు. ‘అమాడియస్’ (1984)లో ముసలి సాలియరీ ముఖానికి స్మిత్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇంత సాధించినా నురుగు రబ్బరుకు ఒక జబ్బుంది: అది వెలుతురును మింగేస్తుంది. పైన దళసరిగా రంగు వేసి, ఆ రంగులోనే చర్మపు లోతును చిత్రించాలి. స్మిత్ లాంటి చేతులకే అది సాధ్యం. పైగా కెమెరాలు రానురాను పదునెక్కాయి. ఫిల్మ్ మీద దాగిన అంచు డిజిటల్ కెమెరాలో, అదీ 4కే తెర మీద, అరచేయంత వెడల్పున కనబడుతుంది.

ప్లాటినానికి గంధకం పడదు

ఇసుకలో ఉండే సిలికాన్ మూలకాన్నీ ఆక్సిజన్‌నూ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఈ పదార్థానికి వెన్నెముక తయారవుతుంది. ఆ వెన్నెముక ఎటంటే అటు వంగుతుంది, వేడికి చెడదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో దశాబ్దాల పాటు వీటితోనే కుస్తీ పట్టిన ఫ్రెడరిక్ కిప్పింగ్, 1937 నాటి ఉపన్యాసంలో ఈ శాఖలో ఇప్పట్లో పెద్ద ముందడుగు పడే ఆశ కనిపించడం లేదని పెదవి విరిచాడు. ఆరేళ్లు తిరక్కుండానే, 1943లో, అమెరికాలో దీని మీదే డౌ కార్నింగ్ కంపెనీ వెలిసింది. 1969లో చంద్రుడి మీద దిగిన బూటు అడుగు కూడా సిలికాన్ రబ్బరే.

సినిమా వర్క్‌షాపులకు మొదట ఇది అచ్చులు తీసుకునే సరుకుగానే తెలుసు. దాన్ని నటుడి ముఖం మీదికి తెచ్చిన తొలితరం వారిలో కెనడాకు చెందిన గోర్డన్ స్మిత్ ముఖ్యుడు. 2000లో వచ్చిన ‘ఎక్స్-మెన్’లో నీలి దేహపు మిస్టిక్ ఆయన చేతి పనే. ‘మిసెస్ డౌట్‌ఫైర్’తో అప్పటికే ఆస్కార్ గెలిచి ఉన్న గ్రెగ్ కానమ్, వెస్లీ వోఫర్డ్‌తో కలిసి మేకప్‌కు అనువుగా సిలికాన్‌ను మార్చుకున్నందుకు 2005లో అకాడమీ సాంకేతిక పురస్కారం పొందాడు.

సిలికాన్ రెండు డబ్బాల్లో వస్తుంది, ‘ఏ’, ‘బీ’ అని. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ చిక్కటి ద్రవాలే. సరిపాళ్లలో తూకం వేసి కలిపితే గడ్డకట్టడం మొదలవుతుంది. చర్మానికి వాడే రకంలో ఆ పని చేయించేది అతి సూక్ష్మమైన పాళ్లలో ఉండే ప్లాటినం. ఈ ప్లాటినానికి గంధకం బద్ధశత్రువు. అచ్చు కోసం వాడిన బంకమట్టిలో గంధకముంటే చాలు, దాన్ని తాకిన పొర ఎన్నటికీ గట్టిపడదు, జిగటగా, చీమిడిలా మిగిలిపోతుంది. రబ్బరుపాలతో చేసిన గ్లౌజులు తొడుక్కుని కలిపినా అదే శాస్తి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఖరీదైన సరుకును మొదటిసారి చెత్తబుట్ట పాలుచేసేది సాధారణంగా ఇక్కడే. తగరంతో గట్టిపడే చవక రకం ఒకటుంది. దానికి ఈ పేచీలు తక్కువ. అయితే కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, చర్మానికి వాడదగ్గది కాదు, అచ్చుల వరకే.

ఇక పని ఎలా సాగుతుందో ఒక్క బుగ్గ ముక్కను పట్టుకుని చూద్దాం.

నటుడిని కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టుకు టోపీ తొడిగి, ముఖమంతా ఆల్జినేట్ పూస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పొడి పళ్ల డాక్టర్ల దగ్గర కూడా చూస్తాం. నీళ్లు కలిపితే చల్లగా, నిమిషాల్లో గట్టిపడుతుంది. దానికి దన్నుగా పైన ప్లాస్టర్ కట్లు. కళ్లూ నోరూ మూసుకుపోతాయి, రెండు ముక్కుపుటాలే లోకంతో సంబంధం. ఆ కాసేపూ ఒక మనిషి ప్రత్యేకంగా ఆ రెండు రంధ్రాలనే కనిపెట్టుకుని ఉంటాడు. ఇరుకు గదులంటే గాభరాపడే నటులు ఈ దశలోనే బిగుసుకుపోతారు. ఈ మధ్య స్కానర్లు వచ్చి ఆ బాధ కొంత తప్పించాయి. ‘ది వేల్’ (2022) కోసం ఏడ్రియన్ మొరో కోవిడ్ రోజుల్లో బ్రెండన్ ఫ్రేజర్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్‌లోనే శిల్పం చెక్కి, త్రీడీ ప్రింటర్‌తో అచ్చులు తీశాడు. దానికీ ఆస్కార్ వచ్చింది.

ముఖం ప్రతిమ చేతికొచ్చాక దాని మీద మట్టితో కొత్త బుగ్గ మలుస్తారు. ముడత ఎటు నుంచి ఎటు పోవాలి, రంధ్రాలు ముక్కు పక్కన ఎంత పెద్దవి, దవడ దగ్గరికి వచ్చేసరికి ఎంత చిన్నవి, అన్నీ ఇక్కడే తేలాలి. మట్టి శిల్పం నుంచి అచ్చు. ఆ అచ్చు లోపలి గోడలకు ముందుగా పల్చటి ప్లాస్టిక్ పూత వేస్తారు. తర్వాత సిలికాన్‌లో చర్మపు రంగు అతి కొద్దిగా, చిటికెడు ఎరుపు, నీలం నూగుపోగులు కలుపుతారు. గట్టిపడ్డాక ఆ పోగులు చర్మం లోపలి సన్నటి రక్తనాళాల్లా కనబడతాయి. గాలిబుడగలు పోయేలా వ్యాక్యూమ్ గదిలో పెట్టి, అచ్చులో పోస్తారు. మెత్తదనం ఎంత కావాలో ముందే నిర్ణయించుకోవాలి. దానికోసం కలిపే నూనెలాంటి ద్రవం పాళ్లు పెంచేకొద్దీ ముక్క జున్నులా అల్లల్లాడుతుంది. ముసలివాళ్ల గదవ కింద వేలాడే కండకు అదే కావాలి. ముక్కుకు మాత్రం కాస్త బిర్రుగా ఉండాలి.

అచ్చు విప్పి తీసిన ముక్కను వేళ్ల మధ్య పట్టుకుంటే నడిమధ్య బరువుగా, చల్లగా తగులుతుంది. అంచుల దగ్గరికొచ్చేసరికి అంతకంతకూ పలచబడి, ఉల్లిపొర కంటే సన్ననై, ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. ఈ విద్య మొత్తం ఆ అంచులో ఉంది. సిలికాన్‌కు సిలికాన్ తప్ప మరేదీ సులువుగా అంటుకోదు, మామూలు రంగులు కూడా జారిపోతాయి. అందుకే ఆ ప్లాస్టిక్ పూత. నటుడి చెంపకు ముక్క అతికించాక, ఆల్కహాల్‌లో ముంచిన కుంచెతో అంచును తడిపితే ఆ పూత కరిగి చర్మంలో కలిసిపోతుంది. అంచు మడతపడిందా, ఆ రోజుకు అంతే, కొత్త ముక్క తీయాల్సిందే. తర్వాత ఆల్కహాల్‌లో కరిగే రంగులను ఒక్కో పొరా నీళ్లలా పల్చగా, చుక్కలు చుక్కలుగా చిలకరిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ. మచ్చలు, ఎండ కమిలిన జాడలు. కనుబొమ్మలు కావాలంటే ఒక్కో వెంట్రుకా సూదితో గుచ్చడమే.

సాయంత్రం ముక్క ఊడదీస్తే అంచు చిరిగిపోతుంది. కాబట్టి ఒక ముక్క ఒక రోజుకే. నలభై రోజుల షూటింగంటే నలభై బుగ్గలు.

చర్చిల్‌ను చూడాలంటే ఓల్డ్‌మన్ కనబడాలి

జపాన్‌లోని క్యోటోలో 1969లో పుట్టిన కజుహిరో సుజీ కుర్రతనంలో ఒక పత్రికలో డిక్ స్మిత్ ఫొటోలు చూశాడు, నటుడు హాల్ హోల్‌బ్రుక్‌ను అబ్రహాం లింకన్‌గా మారుస్తున్నవి. వెంటనే ఆయనకు ఉత్తరం రాశాడు. స్మిత్ జవాబిచ్చాడు! తన విద్యను దాచుకోవడం ఆ పెద్దాయనకు చేతకాదు. అడిగినవాళ్లకు కిటుకులు ఉత్తరాల్లో రాసి పంపేవాడు, పాఠాలను పుస్తకంగా కూర్చి అందించాడు. ఆ తర్వాత స్మిత్ ఒక సినిమా కోసం జపాన్ వెళ్లినప్పుడు సుజీ ఆయన దగ్గర పనిచేశాడు. పిదప అమెరికా చేరి రిక్ బేకర్ వర్క్‌షాపులో ఆరితేరాడు. 2012లో సినిమాల ఒత్తిడి భరించలేక ఆ రంగానికే దండం పెట్టి, తన గురువుదీ లింకన్‌దీ భారీ సిలికాన్ తలలు చేసుకుంటూ శిల్పిగా స్థిరపడ్డాడు.

‘డార్కెస్ట్ అవర్’ (2017)లో చర్చిల్ వేయమని అడిగినప్పుడు గ్యారీ ఓల్డ్‌మన్ పెట్టిన షరతు ఒక్కటే: సుజీ వస్తేనే నేను వేస్తాను. సుజీ వచ్చాడు. పని అంత తేలిక కాదు. చర్చిల్‌ది గుండ్రటి తల, ఎడంగా ఉన్న కళ్లు, ఓల్డ్‌మన్‌ది కోలముఖం, దగ్గర దగ్గరగా ఉండే కళ్లు. కళ్ల మధ్య దూరాన్ని ఏ సిలికానూ మార్చలేదు. మక్కీకి మక్కీ చర్చిల్ ముఖం చేసి తొడిగితే కింద నటుడు సమాధి అయిపోతాడు. సుజీ రకరకాలుగా చేసి చూసి, బుగ్గలు, గదవ, మెడ, ముక్కు వంటి చోట్ల వీలైనంత పల్చగా కప్పి, మిగతా ముఖాన్ని నటుడికే వదిలేశాడు. రోజూ మూడు గంటలకు పైగా మేకప్ కుర్చీలో కూర్చుని, చిత్రం పూర్తయ్యేసరికి ఓల్డ్‌మన్ అందులో గడిపిన కాలం సుమారు 200 గంటలు. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. రెండేళ్లకు ‘బాంబ్‌షెల్’లో చార్లిజ్ థెరాన్ ముఖానికి సుజీ మరోటి పట్టుకెళ్లాడు. ఆ సినిమాలో ఆమె ముఖాన మేకప్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

నా దృష్టిలో సిలికాన్ సాధించిన గొప్ప ఇదే. ముఖం మార్చడం నురుగు రబ్బరుకూ వచ్చు. కింద ఉన్న ముఖం కనుబొమ్మ ఎగరేస్తే, పెదవి కొరికితే, ఆ కదలికను పైకి మోసుకురావడం దీనికి ఎక్కువ తెలుసు. తెలియడమంటే, తక్కువ వాడేవాడి చేతిలో పడితేనే.

మన ముంగిట్లోకి

తెలుగు ప్రేక్షకుడికి ఈ విద్య రుచి చూపించింది కమల్ హాసన్. 1996లో ‘భారతీయుడు’ వచ్చినప్పుడు సేనాపతి తాతను చూసి నోరెళ్లబెట్టని వాళ్లు లేరు. అదే ఏడు తమిళంలో వచ్చి తెలుగులో ‘భామనే సత్యభామనే’గా అలరించిన చిత్రంలో మామ్మయ్యాడు. రెంటికీ పనిచేసింది ‘మాస్క్’ సినిమాతో ఆస్కార్ అందుకున్న మైకేల్ వెస్ట్‌మోర్. 2008లో అదే జోడీ ‘దశావతారం’ తెచ్చింది. పది వేషాలు! ఇప్పుడు మళ్లీ చూస్తే కొన్ని ముఖాలు బిగదీసుకుపోయి కనబడతాయి, జార్జి బుష్ వేషం మరీను. మనందరికీ గుర్తుండిపోయింది మాత్రం తెలుగు మాట్లాడే బలరాం నాయుడు. ఆ పాత్రలో కమల్ కళ్లు, పెదాలు, చేతులు ఆడతాయి. మేకప్ అడ్డుపడలేదు.

2009లో ‘పా’ వచ్చింది. అరవై ఏడేళ్ల అమితాబ్ బచ్చన్‌ను చిన్నప్పుడే ముసలితనం తెచ్చే ప్రొజీరియా ఉన్న పన్నెండేళ్ల ఆరోగా మార్చినందుకు క్రిస్టీన్ టిన్స్‌లీ, డొమినీ టిల్‌లకు మన జాతీయ పురస్కారం దక్కింది. 2016లో ‘కపూర్ అండ్ సన్స్’లో రిషి కపూర్‌ను తొంభై ఏళ్ల తాతను చేయడానికి గ్రెగ్ కానమ్ రావాల్సి వచ్చింది. చాలాకాలం పెద్ద మేకప్ అంటే విమానం దిగి వచ్చే మేకప్పే.

ఆ పరిస్థితి మారింది. ప్రీతిశీల్ సింగ్ డిసౌజా ‘నానక్ షా ఫకీర్’కు ఒకసారి, ‘గంగూబాయి కాఠియావాడీ’కి మరోసారి జాతీయ పురస్కారం తీసుకున్నారు. ‘పుష్ప’లో ఎర్రచందనం కూలీగా అల్లు అర్జున్ రూపం తీర్చింది ఆమె బృందమే. బెంగాల్‌లో సోమనాథ్ కుండు ‘అపరాజితో’లో ఒక నటుడిని అచ్చం సత్యజిత్ రాయ్‌ను చేసి చూపారు. జాతీయ పురస్కారం ఆయన్నూ వరించింది. మన సంగతికొస్తే, ప్రశాంత్ వర్మ తొలి చిత్రం ‘అ!’ (2018)కు ఉత్తమ మేకప్ జాతీయ పురస్కారం రంజిత్‌కు వచ్చింది. ‘మహానటి’కి అవార్డుల పంట పండిన సంవత్సరమే అది. ఆ హడావుడిలో తెలుగు సినిమాకు మేకప్‌లో దక్కిన గౌరవం గురించి పేపర్లు రాసింది రెండు ముక్కలే.

ఇక మన ఎండ. సిలికాన్ కింద చెమట ఆరే దారి లేదు. మే నెలలో రామోజీ ఫిలింసిటీలో ఆరుబయట సీను పెట్టుకుంటే, మధ్యాహ్నానికి గదవ కింద నీరు చేరి సంచిలా వేలాడుతుంది. ముందే చెమటను ఆపే ద్రవం పూస్తారు, చాటుగా ఉండే చోట సూదితో చిన్న దారి చేసి నీరు పిండేస్తారు, షాటుకూ షాటుకూ మధ్య నటుడిని ఏసీ వ్యాన్ దాటనివ్వరు. నురుగు రబ్బరుతో పోలిస్తే ఇది బరువు కూడా ఎక్కువ. సాయంత్రం తీయడానికి మరో గంట. నూనె లాంటి ద్రావకం అంచు కిందికి కొద్దికొద్దిగా పంపి, జిగురు తనంతట తాను వదిలేదాకా ఆగాలి. ‘ప్యాకప్’ వినగానే పీకి పారేస్తే చర్మం లేచిపోతుంది, మర్నాటి షూటింగ్ రద్దవుతుంది. ‘ది గ్రించ్’ (2000) మేకప్ తనను సజీవంగా పూడ్చినట్టు అనిపించిందని జిమ్ క్యారీ చెప్పుకున్నాడు. ఆ బాధ ఓర్చుకోవడానికి, చిత్రహింసలు తట్టుకోవడంలో శిక్షణ ఇచ్చే మనిషిని పిలిపించాల్సి వచ్చింది.

తెర బయట

చర్మంలా కనబడే పదార్థం చేతికొచ్చాక దొంగలు మాత్రం ఊరుకుంటారా? 2010లో హాంకాంగ్ నుంచి వాంకోవర్ వెళ్తున్న విమానంలోకి ఒక ముసలి తెల్లాయన ఎక్కాడు. కాసేపటికి బాత్‌రూమ్‌లోకి వెళ్లి, ఇరవైల్లో ఉన్న ఆసియా కుర్రాడై బయటికొచ్చాడు. ముఖం ముడతలుపడి ఉన్నా చేతులు నవనవలాడుతుండటం ముందే సిబ్బంది కంటపడింది. అదే ఏడు అమెరికాలోని ఒహాయోలో ఒక తెల్ల దొంగ నల్లజాతీయుడి సిలికాన్ ముసుగు తొడుక్కుని బ్యాంకులు దోస్తే, పోలీసులు పట్టుకెళ్లింది సంబంధం లేని ఒక నల్లజాతి యువకుడిని. కెమెరా చిత్రాలు చూసి అతని కన్నతల్లే తన కొడుకని భ్రమపడింది. ఫ్రాన్స్‌లో మరో ముఠా ఏకంగా రక్షణమంత్రి ముఖం తయారు చేయించుకుని, మసక వీడియో కాల్స్‌లో బందీల విడుదలకు డబ్బు కావాలంటూ శ్రీమంతుల నుంచి 5 కోట్ల యూరోలకు పైగా కాజేసింది. 2020లో శిక్షలు పడ్డాయి. ఇప్పుడు ఆ పని ముసుగు లేకుండా కంప్యూటరే చేసిపెడుతోంది, అది వేరే కథ.

అదే 2020లో ఉత్తర కర్ణాటకలో ఒక కుటుంబం, ప్రమాదంలో పోయిన ఇల్లాలి సిలికాన్ రూపాన్ని గృహప్రవేశం నాడు సోఫాలో కూర్చోబెట్టుకుంది. ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టొచ్చింది. మైనం అయితే అక్కడి ఎండలకు ఏసీ లేనిదే నిలవదని సిలికాన్ ఎంచుకున్నారు. చూసి కంటతడి పెట్టినవాళ్లున్నారు, భయపడ్డవాళ్లున్నారు. నాకైతే రెండూ న్యాయంగానే తోచాయి.

ఈ విద్యకు పుట్టిల్లు సగం ఆసుపత్రే. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు లండన్‌లో ఫ్రాన్సిస్ డెర్వెంట్ వుడ్, పారిస్‌లో అనా కోల్‌మన్ ల్యాడ్ అనే శిల్పులు పల్చటి రాగి ముసుగులు చేసి రంగులు వేసి ఇచ్చారు. కోతుల సినిమా జాన్ చాంబర్స్ కూడా హాలీవుడ్‌కు రాకముందు గాయపడ్డ సైనికులకు కృత్రిమ ముక్కులు, చెవులు చేసినవాడే. రాగి పోయి ఇప్పుడు సిలికాన్ వచ్చింది. 2021లో కోవిడ్ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ మన దగ్గర ఎందరి కన్నునో, అంగిలినో తీసుకుపోయింది. అలాంటివారికి యాక్రిలిక్ కన్ను, దాని చుట్టూ సిలికాన్ రెప్పలు, చర్మం, వెంట్రుకతో సహా తయారుచేసి, జిగురుతోనో అయస్కాంతంతోనో కళ్లజోడు ఆసరాతోనో అమరుస్తారు. సినిమా ముక్కకు ఒక్క రోజు ఆయుష్షు. ఇది నెలల తరబడి ఎండనూ చెమటనూ కాచుకోవాలి, రంగు వెలిస్తే కొత్తది చేయించుకోవాలి. హైదరాబాద్‌లో ఇలాంటి కృత్రిమ నేత్రాలు చేసే ఆసుపత్రి పేరు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. దానికి భూరి విరాళమిచ్చి పేరు కూడా ఇచ్చినాయన మన సినిమా దర్శకుడే.

మళ్లీ సినిమాకే వద్దాం. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాక ఈ జంజాటమెందుకని అడిగేవారున్నారు. ‘ది ఐరిష్‌మన్’ (2019)లో ముసలి నటులను కంప్యూటర్‌తో కుర్రవాళ్లను చేశారు కదా అంటారు. వెనక్కి లాగే వయసుకు కంప్యూటర్ బాగానే అక్కరకొస్తుంది. ముందుకు నెట్టే వయసుకు, గాయానికి, బరువుకు సిలికానే నయమని నా అభిప్రాయం. ఎదురుగా నిలబడ్డ తోటి నటుడికి ఆ ముఖం కనబడుతుంది, సెట్‌లోని దీపం నిజంగా దాని మీద పడుతుంది. ‘ది సబ్‌స్టెన్స్’ (2024)కే 2025 వేడుకలో మేకప్ ఆస్కార్ వెళ్లింది, డెమీ మూర్ శరీరం మీద చేసిన పనికి.

ఈ విద్య నేర్చుకోవాలని ఉబలాటపడే పిల్లలకు ఒక మాట. వీడియోలు చూసి హార్డ్‌వేర్ షాపులో దొరికే సీలెంట్ ట్యూబు తెచ్చి ముఖాన పూసుకోకండి. అది గట్టిపడేటప్పుడు ఘాటైన ఆమ్లం వదులుతుంది, చర్మం కాలుతుంది. చర్మానికి పనికొచ్చే ప్లాటినం రకమే కొనండి, ముందు మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజు ఆగి చూడండి. మొదటి ఏడాది మట్టి పనీ, బొమ్మలు గీయడమూ నేర్చుకోండి. సిలికాన్ ఎక్కడికీ పోదు.

నిర్మాతలకు, దర్శకులకు మరో మాట. ఉగాదికి ముహూర్తం, దసరాకు విడుదల అని ముందే ప్రకటించి, షూటింగ్‌కు పది రోజుల ముందు మేకప్ కళాకారుడిని పిలిచి తాత ముఖం కావాలంటే వచ్చేది ముసుగే. హీరో కాల్షీట్లు రాసుకునే నాడే ముఖం అచ్చుకూ, మేకప్ టెస్టుకూ, ఆ టెస్టును కెమెరా ముందు పెట్టి తప్పులు దిద్దుకోవడానికీ తేదీలు రాసుకోండి. ఆ ముఖం చేసినవాళ్ల పేరు టైటిల్స్‌లో చదవడానికి వీలైనంతసేపు ఉంచండి.